‘అయితే’ వేరు, ‘అయితేనే’ వేరు: గణిత పుస్తకాలు రాసేవారికి, ప్రశ్నపత్రాలు కూర్చేవారికి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల హైస్కూలు గణిత పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు, పదో తరగతి ప్రశ్నపత్రాలనూ వాటి కీలనూ తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

‘ఒక త్రిభుజం భుజాలు 5, 12, 13 సెంటీమీటర్లు. అది లంబకోణ త్రిభుజమని చూపండి.’ ఈ ప్రశ్న మీకు కొత్త కాదు. పిల్లవాడు 25 + 144 = 169 అని రాసి, కింద ‘పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ఇది లంబకోణ త్రిభుజం’ అని ముగిస్తాడు. గైడ్లలో జవాబు ఇలాగే ఉంటుంది. స్పాట్ వాల్యుయేషన్‌లో మార్కులు పూర్తిగా పడతాయి. కానీ పైథాగరస్ సిద్ధాంతం ఆ మాట చెప్పదు. లంబకోణం ఉందని ముందే తెలిస్తే భుజాల వర్గాల సంగతి చెబుతుంది, అంతే. వర్గాల లెక్క కుదిరింది కాబట్టి లంబకోణం ఉంది అని చెప్పేది దాని విపర్యయం. యూక్లిడ్ మొదటి సంపుటంలో ఇవి 47, 48 సంఖ్యలతో రెండు వేర్వేరు ప్రతిపాదనలు. రెండోదానికి రుజువు విడిగా ఇచ్చాడు. మన పుస్తకంలోనూ రెండు సిద్ధాంతాలుగానే ఉన్నాయి. జవాబుపత్రానికి వచ్చేసరికి రెండూ ఒకటైపోతున్నాయి, కీ కూడా అభ్యంతరం చెప్పడం లేదు.

‘క అయితే గ’ అనే వాక్యానికి ఒక దిశ ఉంటుంది. ఆ దిశ చూడకుండానే పదో తరగతి దాటిపోవచ్చు. అలాగే నాలుగు ఉదాహరణల్లో కనబడినదాన్ని నియమంగా రాసేసి కూడా దాటిపోవచ్చు. పైకి వేరుగా కనిపించే ఈ రెండు తప్పుల్లోనూ జరిగేది ఒకటే. చేతిలో ఏముంది, దాని నుంచి రావలసింది ఏమిటి అన్నది విడదీయడం లేదు. ఈ విడదీత నేర్పడానికి కొత్త అధ్యాయం అడగడం లేదు. ఉన్న పాఠాల్లో, ఉన్న ప్రశ్నల్లో, ముఖ్యంగా వాటిని రాసే తెలుగులో కొన్ని మార్పులు అడుగుతున్నాం.

ముందు తెలుగు సంగతి. ఈ పనికి మన భాష ఎంత అనువైనదో మన పుస్తకాలు గుర్తించినట్టు లేదు. ‘నువ్వొస్తే వెళ్తా’, ‘నువ్వొస్తేనే వెళ్తా’, ‘నువ్వొచ్చినా వెళ్లను’ – వీటి మధ్య తేడా ఐదేళ్ల పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్నే లెక్కల్లోకి తెచ్చి చూడండి.

‘సంఖ్య 6తో భాగించబడితే 3తో భాగించబడుతుంది.’ నిజం.
‘సంఖ్య 6తో భాగించబడితేనే 3తో భాగించబడుతుంది.’ అబద్ధం, 9 సాక్షి.
‘సంఖ్య 3తో భాగించబడితేనే 6తో భాగించబడుతుంది.’ మళ్లీ నిజం. పైగా మొదటి వాక్యం చెప్పిందే ఇదీ చెబుతోంది.

ఒక్క ‘నే’ చేరగానే బాణం వెనక్కి తిరిగింది. ‘క అయితే గ’ అంటే క నుంచి గ కు. ‘క అయితేనే గ’ అంటే గ నుంచి క కు. సిద్ధాంతాల్లో ‘అయితే, అయితేనే’ అని జంటగా అచ్చువేస్తున్నది ఈ రెండు దిశలూ చెప్పడానికే. ఆ జంటను పిల్లలు ఒక్క ముద్దగా, ఏదో గంభీరమైన పదబంధంగా చదివి వదిలేస్తారు. ‘అయితే’ భాగాన్ని ఒక వాక్యంగా, ‘అయితేనే’ భాగాన్ని ఇంకో వాక్యంగా విడగొట్టి రాయించే అభ్యాసం ఒక్కటి ఉన్నా చాలు.

ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాక ఇక్కడ ఇంకో మెలిక పడింది. ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ ఇఫ్’ వాక్యం నడిచే వరుస మన వరుసకు ఎదురు. ‘6తో భాగించబడుతుంది’ అన్న ముక్క అక్కడ ముందు వస్తుంది, ‘3తో’ అన్నది ఆ ‘ఓన్లీ ఇఫ్’ తరువాత వస్తుంది. మనకు షరతు ముందు, ఫలితం చివర. అనువాదకుడు ఇంగ్లిష్ వరుస చెడకూడదని 6ను ముందు పెట్టి ‘తేనే’ తగిలిస్తే ఇంగ్లిష్ పేజీలో నిజం, తెలుగు పేజీలో అబద్ధం అచ్చవుతాయి. ప్రూఫు దిద్దేవారికి అక్షరదోషం కనబడుతుంది గానీ ఇది కనబడదు, ఎందుకంటే వ్యాకరణం చక్కగా ఉంటుంది. ‘నే’, ‘మాత్రమే’, ‘అప్పుడే’ ఉన్న ప్రతి వాక్యాన్నీ ఒక సంఖ్య పెట్టి పరీక్షించాకే అచ్చుకు పంపమని మనవి.

ఇక ‘అయిన’. ‘ఒక త్రిభుజంలో రెండు భుజాలు సమానమైన వాటి ఎదుటి కోణాలు సమానము.’ ఇలా రాయడం మన పుస్తకాలకు పాత అలవాటు. గ్రాంథికంలో ‘అయిన’ అంటే ‘అయితే’ అనే అర్థం ఉంది, కాదనం. కానీ ఇవాళ్టి పిల్లలకు ‘సమానమైన’ అంటే విశేషణం. ‘సమానమైన వాటి’ అని కలిపి చదివేసుకుంటారు. షరతు కాస్తా వర్ణన అయిపోతుంది. వాక్యంలో షరతే కనబడని పిల్లను ‘దీని విపర్యయం రాయి’ అని అడిగితే ఏం రాస్తుంది? ‘అయిన’, ‘ఐనచో’ అన్నవాటిని తీసేసి అంతటా ‘అయితే’ పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ఒక విషయంలో మాత్రం వాడుక భాష లెక్కలకు అడ్డొస్తుంది. ‘హోంవర్క్ చేస్తే టీవీ పెడతా’ అని అమ్మ అంటే, చెయ్యకపోతే పెట్టదని కూడా బిడ్డకు అర్థమవుతుంది. అమ్మ ఉద్దేశమూ అదే. ఇంట్లో అది సరైన అర్థమే, తర్కదోషమని బిడ్డను తప్పుపట్టకూడదు. కానీ గణితం చెప్పినంతే చెబుతుంది. ‘సంఖ్య చివర 5 ఉంటే అది 5తో భాగించబడుతుంది’ అన్న వాక్యం చివర 5 లేని సంఖ్యల గురించి నోరు విప్పదు. 20 భాగించబడుతుంది, 21 భాగించబడదు, వాక్యానికి రెండూ సమ్మతమే. ఇంటి భాషకూ లెక్కల భాషకూ మధ్య ఉన్న ఈ ఒక్క తేడా గురించి తొమ్మిదో తరగతి పుస్తకంలో అర పేజీ రాయండి.

నిషేధం, అంటే ‘కాదు’ అని చెప్పడం, దగ్గర కూడా ఇలాంటిదే ఒకటుంది. ‘అన్ని ప్రధాన సంఖ్యలూ బేసి సంఖ్యలు కావు.’ ఒక్కటీ బేసి కాదనా? అన్నీ బేసివే అనుకోవద్దు, కొన్ని కావనా? తెలుగులో రెండర్థాలూ వస్తాయి. ఒప్పా తప్పా అని అడిగే బిట్లలో ఇలాంటి వాక్యం పెడితే పిల్లలకే అన్యాయం. ‘బేసి కాని ప్రధాన సంఖ్య కనీసం ఒకటుంది’ అంటే గొడవ తీరిపోతుంది. 2 ఉంది కదా.

పరిభాష గురించి ఎక్కువ చెప్పం. విపర్యయం, విలోమం, ప్రతివర్తితం అనే మూడు పేర్లు బట్టీ పట్టించడం వల్ల ఒరిగేది తక్కువ. పైగా సంకలన విలోమం, విలోమానుపాతం, విలోమ ప్రమేయం అని ‘విలోమం’ ఇప్పటికే నాలుగిళ్ల చుట్టంలా తిరుగుతోంది. ఆ పేర్లకంటే మన రేఖాగణితంలో తరతరాలుగా ఉన్న నాలుగు శీర్షికలే మేలు: దత్తాంశం (ఇచ్చినది), సారాంశం (నిరూపించాల్సినది), నిర్మాణం, ఉపపత్తి (రుజువు). దత్తాంశం, సారాంశం చోట్లు మార్చుకుంటే విపర్యయం. చోట్లు మారి, రెండూ ‘కాదు’ అయితే ప్రతివర్తితం. ఇంతకంటే నిర్వచనం అక్కర్లేదు. ఈ మధ్య పుస్తకాల్లో, ముఖ్యంగా గైడ్లలో, ఈ శీర్షికలు పలచబడి నేరుగా ఉపపత్తిలోకి దూకుతున్నారు. ప్రతి సిద్ధాంతానికీ దత్తాంశం ఒక పంక్తిలో, సారాంశం ఇంకో పంక్తిలో విడిగా అచ్చువేయండి.

ప్రతివర్తితానికి ఉదాహరణ కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెత ‘పొగ ఉంటే నిప్పు ఉంటుంది’ అన్నదాని ప్రతివర్తితమే. కొండమీద పొగ చూసి నిప్పుందని తేల్చడం మన తర్కశాస్త్రంలో బాగా ప్రసిద్ధమైన ఉదాహరణ. దాన్ని తిప్పి ‘నిప్పు ఉంటే పొగ ఉంటుంది’ అంటే చెల్లదని కూడా ఆ శాస్త్రకారులే చెప్పారు. దానికి వాళ్లిచ్చిన ప్రత్యుదాహరణ ఎర్రగా కాలిన ఇనుప ముద్ద. అందులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా కావాలని, అంటే షరతులో ఒక ముక్క తగ్గిందని వివరించారు. గ్యాస్ స్టవ్ మీది నీలి మంట చూసే ఇవాళ్టి పిల్లలకు ఇది ఇంకా తేలిక.

ఉమ్మడి రాష్ట్రంలో 2014కు ముందు పదో తరగతి గణితం ప్రవచనాలు, సమితులతో మొదలయ్యేది. సత్య పట్టికలు, స్విచ్ వలయాలు ఉండేవి. అది తిరిగి రావాలని అడగడం లేదు. పట్టికలో సత్యం, అసత్యం అని నింపడం చేతనైన పిల్లవాడే కింది పేజీలో విపర్యయాన్ని సిద్ధాంతంగా వాడేసేవాడు. తరవాతి పుస్తకాల్లో తొమ్మిదో తరగతి చివర ‘గణితంలో నిరూపణలు’ అనే అధ్యాయం వచ్చింది. అందులోని విషయం మంచిదే, చోటే మంచిది కాదు. చివరి అధ్యాయానికి మార్చిలో ఎంత సమయం మిగులుతుందో మీకు చెప్పాలా? అటు ఎన్‌సీఈఆర్టీ 2022-23 సిలబస్ తగ్గింపులో పదకొండో తరగతి నుంచి గణిత తర్కం, గణితానుగమనం అధ్యాయాలను తీసేసింది. 2024 జేఈఈ మెయిన్ సిలబస్ నుంచీ అవి పోయాయి. పైన చెబుతారులే అనుకోవడానికి ఇప్పుడు పైన కూడా పెద్దగా ఏమీ లేదు. హైస్కూల్లో రాకపోతే ఆ తరవాత రావడం కష్టం.

ఇప్పుడు నమూనాల సంగతి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. అది ఆగమన (అనుగమన) పద్ధతి, అంటే కొన్నింటిని చూసి అన్నింటి గురించీ తేల్చడం. వంటింట్లో అది సరైనదే. అన్ని మెతుకులూ ఒకే గిన్నెలో, ఒకే నీళ్లలో, ఒకే సెగ మీద ఉన్నాయి. ఒక మెతుకు మిగతావాటి తరఫున సాక్ష్యం చెప్పగలదు. సంఖ్యలు ఒకే గిన్నెలో ఉడకవు. 3 గురించి తెలిసింది 3 గురించే. పుస్తకాల్లో మొదటి మూడు నాలుగు విలువలు వేయించి, ‘కాబట్టి సూత్రం ఇది’ అని పెట్టె కట్టేస్తున్నారు. ఆ ‘కాబట్టి’ తీసేసి ‘ఇలా ఉండవచ్చనిపిస్తోంది’ అని రాయండి. ఊహకు ఊహ అనే పేరు పెట్టండి.

పిల్లలకు ఈ తేడా ఒకసారి గట్టిగా తగలాలి. అందుకు మాకు తెలిసిన వాటిలో మేలైన కృత్యం ఇది. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయాలి. దానిపై బిందువులు పెట్టి, ప్రతి రెండు బిందువులనూ జ్యాతో, అంటే తిన్నని గీతతో, కలపాలి. వృత్తం ఎన్ని ముక్కలైందో లెక్కించాలి. ఒక బిందువుకు 1, రెండింటికి 2, మూడింటికి 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరింటికి ఎన్ని అని గీయకముందే అడిగి, జవాబు నోటుబుక్కులో రాయించాలి. తరగతి మొత్తం 32 అని రాస్తుంది. ఆ తరవాత గీస్తే 31 వస్తుంది.

ఈ కృత్యాన్ని పుస్తకంలో పెడితే ఒక జాగ్రత్త తప్పక చెప్పండి. ఆరు బిందువులు అనగానే పిల్లలు వృత్తలేఖినిని అదే వ్యాసార్ధంతో ఉంచి చుట్టూ గుర్తులు పెడతారు, సరిగ్గా ఆరు సమాన భాగాలు వస్తాయి. అలా చేస్తే మూడు వ్యాసాలు కేంద్రం దగ్గర ఒకే బిందువులో కలుస్తాయి, మధ్యలో ఏర్పడవలసిన చిన్న త్రిభుజం మాయమవుతుంది, లెక్క 30 వస్తుంది. కొందరికి 30, కొందరికి 31 వస్తే 32 చెప్పినవాళ్లు ‘మీ లెక్కే తప్పు’ అంటారు, పాఠం పక్కదారి పడుతుంది. బిందువులు ఎగుడుదిగుడు దూరాల్లో ఉండాలి, లోపల ఏ మూడు జ్యాలూ ఒకే చోట కలవకూడదు. పెన్సిలు ముల్లు మొద్దుబారితే మధ్య ముక్క గీతల్లోనే మునిగిపోతుంది, కాబట్టి బాగా చెక్కిన పెన్సిలు కావాలి. ముక్కల్లో ఒక్కొక్క అంకె వేసుకుంటూ లెక్కించాలి, చూపుతో లెక్కిస్తే తప్పుతారు.

31 ఎందుకో కూడా తొమ్మిదో తరగతి వాళ్లకు చెప్పొచ్చు. ఏ జ్యా లేనప్పుడు ముక్క ఒకటి. కొత్త జ్యా గీసిన ప్రతిసారీ ఒక ముక్క పెరుగుతుంది. అది పాత జ్యాను ఖండించిన ప్రతి చోటా ఇంకొకటి పెరుగుతుంది. కాబట్టి ముక్కలు = 1 + జ్యాల సంఖ్య + ఖండన బిందువుల సంఖ్య. ఆరు బిందువులకు జ్యాలు 15. వృత్తంపై ఏ నాలుగు బిందువులు తీసుకున్నా లోపల ఒక ఖండన వస్తుంది. ఆరింటిలోంచి నాలుగు ఎంచుకునే విధాలు 15. మొత్తం 31. ఏడు బిందువులకు 1 + 21 + 35 = 57. రెట్టింపు అవుతోందన్న నమూనా ఐదు వరకూ నిలబడడం కేవలం చిన్న సంఖ్యల చలవ.

ఇంకొకటి లెక్కలోనే ఉంది, గీయనక్కర్లేదు. ఒక సంఖ్య వర్గానికి అదే సంఖ్యను, ఆపైన 41ని కలపండి. 0 పెడితే 41, 1 పెడితే 43, 2 పెడితే 47, 3 పెడితే 53. 39 వరకూ ఏది పెట్టినా ప్రధాన సంఖ్యే వస్తుంది. ఆయిలర్ పేరుతో ప్రసిద్ధమైన బహుపది ఇది. వరసగా 40 సాక్ష్యాలు! 40 పెట్టగానే 1681, అంటే 41 × 41. ఎందుకు చెడిందో కూడా కనబడుతుంది: 40 × 40కి 40 కలిస్తే 40 × 41, దానికి ఇంకో 41 కలిస్తే 41 × 41. గణకయంత్రం లేకుండా ఒక పిల్ల పట్టుకోగలిగిన ప్రత్యుదాహరణ ఇది.

నలభై చాలవు, మరి కోట్లయితే? గణితవేత్త జార్జ్ పోయా 1919లో ఒక ఊహ ప్రకటించాడు. ఏ సంఖ్య వరకు చూసినా, ప్రధాన కారణాంకాల సంఖ్య బేసిగా ఉన్నవి కనీసం సగం ఉంటాయనేది దాని సారాంశం. 1958లో అది తప్పని తేలింది. మొట్టమొదట చెడేది 90,61,50,257 దగ్గర. గోల్డ్‌బాక్ 1742లో ఆయిలర్‌కు రాసిన ఉత్తరంతో మొదలైన ఊహ, 2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమన్నది, బ్రహ్మాండమైన సంఖ్యల వరకూ సరిచూసినా ఇవాళ్టికీ సిద్ధాంతం కాలేదు. ‘ఇన్నింటికి నిజమైంది కదా’ అన్న వాదనకు ఈ రెండు కథలు చాలు.

దీన్నిబట్టి ప్రశ్నపత్రాలు కూర్చేవారికి ఒక మాట. ‘2, 4, 8, … తరవాతి సంఖ్య ఏది?’ అని అడగొద్దు. రెట్టింపు అనుకుంటే 16. తేడాలు 2, 4, 6 అనుకుంటే 14. రెండో పిల్లవాడు తప్పు చేయలేదు, మీరనుకున్నది అనుకోలేదు, అంతే. ‘2, 4, 8, … ఒక గుణశ్రేఢి అయితే నాలుగో పదమెంత?’ అంటే ప్రశ్న నిలబడుతుంది. ‘5, 8, 11, 14, … అంకశ్రేఢేనా?’ అన్నదీ అంతే. ఇచ్చిన నాలుగు పదాల తేడాలు సమానమని చెప్పగలం, చుక్కల్లో ఏముందో ఎవరికి తెలుసు?

కోణమానినితో త్రిభుజం కోణాలు కొలిచే కృత్యం కూడా ఇక్కడే చెప్పాలి. ఒక్కో కోణం దగ్గర ఒక డిగ్రీ అటూఇటూ అవడం సహజం, కాబట్టి మొత్తం 177 నుంచి 183 దాకా ఎంతైనా రావచ్చు. పట్టికలో మాత్రం అందరికీ 180 ఉంటుంది. రెండు కోణాలు కొలిచి మూడోది తీసివేతతో రాసేస్తారు! ‘మీకొచ్చిందే రాయండి’ అని పట్టిక పైన అచ్చువేసి, నమూనా పట్టికలో మీరే ఒక 179, ఒక 181 పెట్టండి. కొలత ఎందుకు రుజువు కాలేదో, ఎదుటి భుజానికి సమాంతరంగా శీర్షం గుండా గీత గీసి చేసే ఉపపత్తి ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది.

ఇంటర్‌లో గణితానుగమనం దగ్గర ఈ రెండు దారులూ కలుస్తాయి. పేరులో అనుగమనం ఉన్నా అది నమూనా చూసి ఊహించడం కాదు, నిఖార్సైన నిగమనం, అంటే తెలిసిన నిజాల నుంచి తర్కంతో రాబట్టడం. 1కి నిజమని చూపడం దాని మొదటి మెట్టు. రెండో మెట్టు ఒక షరతు వాక్యం: ‘ఒక సంఖ్యకు నిజమైతే తరవాతి సంఖ్యకూ నిజం.’ షరతు వాక్యం అర్థం కాని విద్యార్థి ‘నిరూపించాల్సినదాన్నే నిజమనుకుంటున్నారేమిటి’ అంటాడు, అతని అనుమానం న్యాయమైనదే. ‘ప్రతి సంఖ్యా దాని తరవాతి సంఖ్యకు సమానం’ అన్న అబద్ధం తీసుకోండి. ఒక సంఖ్యకు అది నిజమైతే, రెండు వైపులా 1 కలిపితే తరవాతి సంఖ్యకూ నిజమే. షరతు వాక్యం పక్కాగా ఉంది. మొదటి మెట్టు, 1 = 2 అన్నది, లేదు. షరతు నిజమైనంత మాత్రాన షరతులోని మాట నిజం కాదని ఇంతకంటే సూటిగా చూపలేం.

మళ్లీ పదో తరగతికి. √2 కరణీయ సంఖ్య (రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేనిది) అన్న నిరూపణ ఏటా వచ్చే ప్రశ్న, ఏటా వచ్చే జవాబు. ఆ నిరూపణ అంతా ఆధారపడే పంక్తి ఒక్కటే: ‘ఒక సంఖ్య వర్గం 2తో భాగించబడితే ఆ సంఖ్య కూడా 2తో భాగించబడుతుంది.’ ఈ పంక్తి ఎందుకు నిజమని అడిగితే జవాబు రాదు. ప్రతివర్తితంతో ఒక్క ముక్కలో తేలిపోతుంది: సంఖ్య బేసి అయితే, బేసిని బేసితో గుణిస్తే బేసి కాబట్టి, వర్గమూ బేసే. పిల్లలు దీని విపర్యయాన్ని, అంటే సంఖ్య సరి అయితే వర్గం సరి అన్నదాన్ని, చెప్పి సరిపెడతారు. అది నిజమే, ఇక్కడ పనికిరాదు.

బట్టీ పట్టారో లేదో తెలుసుకోవాలంటే ‘ఇదే పద్ధతిలో √4 కరణీయమని నిరూపించబోతే ఎక్కడ ఆగిపోతుంది?’ అని అడగండి. వర్గం 4తో భాగించబడితే సంఖ్య 4తో భాగించబడుతుంది అన్న పంక్తి దగ్గర ఆగాలి. 36 భాగించబడుతుంది, 6 భాగించబడదు. 2 ప్రధాన సంఖ్య కావడమే అసలు ఆధారమని అప్పుడు బయటపడుతుంది. చాలా జవాబుపత్రాల్లో √4 ఆ పద్ధతిలో నిరాటంకంగా కరణీయం అయిపోతుందని మా అంచనా.

త్రిభుజాల సర్వసమానత్వంలో భు-భు-కో (రెండు భుజాలు, వాటి మధ్యది కాని ఒక కోణం సమానమైతే చాలు అనే) నియమం ఎందుకు లేదో కూడా ఒక నిర్మాణంతో చూపొచ్చు. ఏబీ 5 సెంటీమీటర్లు. ఏ దగ్గర 30 డిగ్రీల కోణంతో కిరణం. బీ కేంద్రంగా 3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో చాపం. చాపం కిరణాన్ని రెండు చోట్ల ఖండిస్తుంది, ఏ నుంచి దాదాపు 2.7 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 6 దగ్గర ఒకటి. కొలతలు అవే, త్రిభుజాలు రెండు. 3కు బదులు 2 తీసుకుంటే చాపం అసలు అందదు, 5.5 తీసుకుంటే ఒక్క చోటే ఖండిస్తుంది. కాబట్టి ప్రత్యుదాహరణకు కొలతలు మీరే ఇవ్వండి. పిల్లలకు వదిలేస్తే ఒక్కటే త్రిభుజం వచ్చి నియమం ఉందనుకునే ప్రమాదముంది.

ప్రత్యుదాహరణల మార్కుల విషయంలో కీ ఒక సంగతి తేల్చి చెప్పాలి. ‘క అయితే గ’ను కొట్టేయాలంటే క నిజమై గ చెడిన ఉదాహరణ కావాలి. ‘కర్ణాలు లంబంగా ఖండించుకుంటే ఆ చతుర్భుజం రాంబస్’ అన్నదానికి గాలిపటం సరైన జవాబు. దీర్ఘచతురస్రం జవాబు కాదు, అందులో కర్ణాలు సాధారణంగా లంబంగా ఉండవు, షరతే వర్తించలేదు. రెండో జవాబుకూ సగం మార్కులు వేసే ఉదారత వద్దు. అలాగే 5-12-13 ప్రశ్నలో ‘పైథాగరస్ సిద్ధాంత విపర్యయం’ అని రాసినవారికే చివరి అర మార్కు ఇవ్వమని కీలో ఒక పంక్తి చేర్చండి. ఆ అర మార్కు కోసమైనా గైడ్లు తమను తాము దిద్దుకుంటాయి.

చివరగా ఒక నమూనా ప్రశ్న ఇస్తున్నాం. బ్రిటిష్ మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1966లో ప్రచురించిన పజిల్‌కు ఇది తెలుగు రూపం. బల్లమీద నాలుగు కార్డులు. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనబడేవి: అ, క, 4, 7. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది’ అన్న నియమం ఈ నాలుగింటికీ నిజమో కాదో తేల్చాలంటే ఏ కార్డులు తిప్పి చూడాలి? విశ్వవిద్యాలయ విద్యార్థుల్లోనే ఎక్కువమంది తప్పారు. అ, 4 అని చెప్పడం మామూలు తప్పు. 4 వెనక ఏమున్నా నియమం చెడదు. తిప్పాల్సినవి అ, 7.

ఇదే ప్రశ్న బస్సెక్కితే తేలికైపోతుంది. తెలంగాణ ఆర్టీసీ బస్సులో మహిళల ఉచిత ప్రయాణానికిచ్చే జీరో టికెట్ తీసుకుంటే గుర్తింపు కార్డు ఉండాలి. తనిఖీకి వచ్చినాయన ఎవరిని ఆపుతాడు? జీరో టికెట్ పట్టుకున్నామెను కార్డు చూపమంటాడు. కార్డు లేదన్నామెను టికెట్ చూపమంటాడు. డబ్బిచ్చి టికెట్ కొన్నామెతో, చేతిలో కార్డు పెట్టుకు కూర్చున్నామెతో ఆయనకు పని లేదు. ఈ రెండు ప్రశ్నలనూ పక్కపక్కనే పెట్టి, నాలుగు మార్కులు ఇలా పంచండి: తిప్పాల్సిన కార్డులు రెండూ సరిగ్గా చెబితే ఒకటి, 7ను ఎందుకు తిప్పాలో చెబితే ఒకటి, 4ను ఎందుకు వదిలేయవచ్చో చెబితే ఒకటి, కార్డుల ప్రశ్నలోని 7కు బస్సులో ఎవరు సాటో గుర్తుపడితే ఒకటి. కారణం లేకుండా ‘అ, 7’ అని మాత్రమే రాస్తే ఒక్క మార్కే.

ఇట్లు,
హైస్కూలు, ఇంటర్ తరగతులకు గణితం చెప్పే కొందరు ఉపాధ్యాయులు